నీ మెషీనే కదా అని

"మార్కరు వాడిదే, కాదన్నానా? కానీ ఉతకడానికి వేసేముందు జేబులో చెయ్యి పెట్టి చూసుకోవలసింది ఎవరంటాను," అన్నారు అత్తగారు. పొద్దుటి నుంచీ అదే మాట. ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి తిప్పి వేస్తున్నారు.

బాల్కనీ తీగ మీద ఆరేసిన బట్టలన్నిటికీ నీలి మరకలే. మామగారి తెల్ల చొక్కాలు, దుప్పటి, పిల్ల స్కూలు చొక్కా, దిండు గలీబులు. మామగారు ఒక చొక్కాని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు అటూ ఇటూ తిప్పుతున్నారు. రోగి బతకడని ఆయన మొహమే చెబుతోంది.

"జేబులో పెట్టుకున్నవాళ్ళు తీసి పక్కన పడేసినా సరిపోయేది కదా అత్తయ్యా," అంది ఆమె.

"నేను అలిసిపోయి వస్తాను. జేబుల సంగతి నాకేం గుర్తుంటుంది?" అన్నాడు భర్త, ఫోన్‌లోంచి తలెత్తకుండా. ఆమె కూడా అదే వర్క్‌షాపు నుంచి, అదే బండి మీద, అతని వెనకే కూర్చుని వస్తుంది. ఆ సంగతి అక్కడ ఎవరికీ తట్టలేదు.

"ఎవరు తీయాలన్నది కాదమ్మా ఇప్పుడు ప్రశ్న," అన్నారు మామగారు. "నేను రేపు ఏం వేసుకోవాలన్నదే ప్రశ్న."

"సరే. నాదే పొరపాటు," అంది ఆమె.

అంతే, ఇల్లు చల్లబడింది. మామగారు చొక్కా దించారు. అత్తగారు "పోనీలే, అయిందేదో అయింది" అని వంటింట్లోకి నడిచారు. భర్త టీ అడిగాడు. ఆ ఇంట్లో ఏ గొడవైనా ఆమె ఆ రెండు ముక్కలు అన్నాకే ముగుస్తుంది. పెళ్ళైన కొత్తలో ఆ మాట అనడం కష్టంగా ఉండేది. కుళాయి కట్టేయనిది ఆడపడుచు అయితే, తాళంచెవి పారేసింది మామగారైతే, నాదని నేనెందుకు అనాలి అని రాత్రంతా దొర్లేది. తర్వాత్తర్వాత లెక్క తెలిసింది. అంటే ఒక నిమిషంలో పోతుంది, అనకపోతే రెండు రోజులు గిన్నెలు చప్పుడు చేస్తాయి. "మా కోడలు మాట పడుతుందే గానీ మాట పెంచదు" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. అది మెచ్చుకోలే. అలాంటి మెచ్చుకోళ్ళతోనే ఆమె ఇన్నేళ్ళూ కడుపు నింపుకుంది.

అయితే ఆ ఆదివారం పొద్దున ఆ ఇంట్లో ఎవరికీ చొక్కాల మీద నిజంగా అంత బెంగ లేదు. ముందురోజు ఆమె నడిపే మెషీన్ దగ్గర డ్రిల్లు విరిగి, ముక్క ఎగిరి, ఆమెతో పనిచేసే ఆవిడ కంట్లో దిగింది. సోమవారం ఉదయం ఓనరు అందరినీ పిలిచి, పొరపాటు ఎవరిదని అడగబోతున్నాడు. ఏం చెప్పాలో ఇంట్లో తేలిపోయింది, ఆమె వెళ్ళి చెప్పడమొకటే మిగిలింది. అందుకే మరకల మీద ఆమె "నాదే పొరపాటు" అనగానే అత్తమామలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మనిషి దారిలోనే ఉందని వాళ్ళకి నమ్మకం చిక్కింది.

*

ఆమెని ఆ వర్క్‌షాపులో చేర్పించింది భర్తే. అతనక్కడ షిఫ్టు సూపర్‌వైజరు. "ఇంట్లో కూర్చుని చేసేదేముంది" అన్నాడు. ఇంట్లో ఆమె కూర్చోవడం ఎప్పుడు చూశాడో అతనికే తెలియాలి. మొదట తయారైన ఇనప పలకలకి రంధ్రాలు సరిగ్గా పడ్డాయో లేదో కొలిచే బల్ల దగ్గర వేశారు. అక్కడి నుంచి ఆమె చూపు మెషీన్ల మీదికి పోయేది. మెషీన్లని పనికి సిద్ధం చేసే సెట్టరు, అందరూ బాబాయి అని పిలిచే ముసలాయన, ఆ చూపు కనిపెట్టి, రిటైరయ్యేలోగా ప్రోగ్రాం రాయడం నేర్పిపోయాడు.

ఆ మెషీన్‌కి కొన్ని పనులు ముందే నేర్పి ఉంటాయి. రంధ్రం వేయడం అందులో ఒకటి. దిగు, కొంత తొలుచు, పొట్టు బయటపడటానికి కాస్త పైకి రా, మళ్ళీ దిగు, లోతు అందాక బయటికి వచ్చెయ్. ఇవన్నీ విడివిడిగా చెప్పనక్కర్లేదు. ఒక్క వరసలో ఆ పనిని పిలిచి, లోతూ వేగమూ ఇచ్చి, తర్వాత ఎక్కడెక్కడ రంధ్రాలు కావాలో ఆ చోట్లు మాత్రం రాసుకుంటూ పోవాలి. చోటు పేరు వినబడిన ప్రతిసారీ మెషీన్ మొత్తం పని మొదటి నుంచీ చేస్తుంది. దాన్ని సైకిల్ అంటారు.

"దీనికి బుద్ధి లేదమ్మాయ్, విధేయతే ఉంది," అనేవాడు బాబాయి. "చాలు, ఆపు అని నువ్వు రాయకపోయావనుకో, బల్లకి కూడా బొక్క పెట్టి నీ వంక చూస్తుంది, ఇంకెక్కడ అని."

ఆమె పడీ పడీ నవ్వింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగా అత్తగారు "మీ మామయ్య స్నేహితులొచ్చారు" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. అనాల్సిన పనీ లేదు. స్టవ్ వెలిగింది, నీళ్ళు మరిగాయి, కప్పులు తుడిచి వరసగా పళ్ళెంలోకి చేరాయి, ముందుగదిలో చెల్లాచెదురుగా ఉన్నవి మాయమయ్యాయి. పళ్ళెం అందరి ముందుకీ వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చింది. ఇదంతా తన చేతులే చేశాయని ఆమెకి కప్పులు కడుగుతున్నప్పుడు గానీ తెలియలేదు. ఈసారి నవ్వు రాలేదు.

అయినా మెషీన్ దగ్గర ఆమెకి బాగుండేది. అక్కడ ఏం రాస్తే అదే జరుగుతుంది. రాసినదానికి కారణం అడిగేవాళ్ళుండరు. "అంట్లు తోమే చేతులకి బటన్లు నొక్కడం ఓ లెక్కా" అని అత్తగారు ఎగతాళి చేసినా, "మా ఆవిడ ప్రోగ్రాం రాస్తుంది" అని భర్త బయటివాళ్ళ దగ్గర గొప్ప పోయి, ఇంట్లో మాత్రం "నేను చేర్పించబట్టి కదా" అని గుర్తుచేస్తూ ఉన్నా, ఆ బూడిద రంగు పెట్టె ముందు నిలబడ్డంతసేపూ ఆమె తలలో వేరే ఎవరి గొంతూ వినిపించేది కాదు.

ఆ వారం వచ్చిన పని పల్చటి పలకలది. నాలుగు మూలలా క్లాంపులతో అదిమి బిగించినా, డ్రిల్లు దిగినప్పుడు మధ్యలో వణికేవి. ఆ వణుకు కంటికి కనబడేంతది కాదు. చప్పుడులో చిన్న తేడా, అంతే. ఆమె చెవికి అది తగిలింది. మధ్యలో ఇంకో క్లాంపు బిగించింది. అది ఎవరూ చెప్పని, పూర్తిగా ఆమె సొంత ఆలోచన. మధ్యలో క్లాంపు లేచి ఉంది కాబట్టి, ఒక్కో రంధ్రం కాగానే డ్రిల్లు పైదాకా లేచి, క్లాంపుని దాటుకుని పక్క చోటికి వెళ్ళేలా రాసింది. దానికి అంకె తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది అని రాస్తే డ్రిల్లు అంత ఎత్తు లేవదు, పలకని రాసుకుంటున్నట్టుగా కింది నుంచే పక్కకి జరిగిపోతుంది. పని తొందరగా అవుతుంది. కాకపోతే దారిలో అడ్డమేదీ ఉండకూడదు.

ఒకరి ప్రోగ్రాం ఇంకొకరు మారిస్తే మెషీన్ తెర మీద పసుపు చీటీ అంటించాలని వర్క్‌షాపులో నియమం. ఆ నియమం పెట్టింది భర్తే. ఎవరైనా మరిచిపోతే షిఫ్టు మొత్తం ముందు నిలబెట్టి కడిగేసేవాడు.

శనివారం మధ్యాహ్నం ఆఫీసు గది ఫోన్‌కి పిలుపొచ్చింది. అత్తగారు.

"చక్కెర ఎక్కడ తగలేశావే?"

"పై అరలో అత్తయ్యా, టీ పొడి వెనకాల."

"అక్కడ లేదు."

"స్టీలు డబ్బా కాదండీ, ప్లాస్టిక్‌ది. ఎర్ర మూత."

"ఎర్రమూతలో ఉప్పుంది."

"ఆ పక్కదే అత్తయ్యా."

"ఆఁ, ఉందిలే. ముందే చెప్పొచ్చు కదా."

ఆమె తిరిగొచ్చేసరికి బ్రష్షక్క కొత్త పలక బిగించి సిద్ధంగా ఉంది. ఆవిడ పని మెషీన్ మీది పొట్టు ఊడవడం, పలకలు ఎక్కించి దించడం. ఎప్పుడూ చేతిలో బ్రష్షు ఉంటుంది కాబట్టి ఆ పేరు. తెర మీద చీటీ ఏమీ లేదు. పొద్దుటి నుంచీ పలకలన్నీ బాగా వస్తున్నాయి. ఆమె పచ్చ బటన్ నొక్కింది.

పాత మెషీన్. ముందువైపు నడుం ఎత్తు దాకే అడ్డురేకు. మెషీన్ చిమ్మే నీళ్ళ ఆవిరికి కళ్ళద్దాలు మసకబారితే, బ్రష్షక్క వాటిని నుదుటి మీదికి నెట్టి మోచేత్తో మొహం తుడుచుకుంటోంది. మొదటి వరస చక్కగా పడింది. రెండో వరస సగానికి రాగానే డ్రిల్లు లేవలేదు. లేవకుండా క్లాంపు మీదికి అడ్డంగా వచ్చింది. ఎండుకొమ్మ విరిగినట్టు చిన్న చప్పుడైంది, అంతకంటే పెద్దదేమీ కాదు. తర్వాత వినపడినది బ్రష్షక్క గొంతు.

అందరూ ఆవిడని మోసుకుని పరిగెడుతుంటే ఆమె తెర వైపు చూసింది. తను తొంభై ఎనిమిది రాసిన చోట తొంభై తొమ్మిది ఉంది.

*

బండి మీద ఇంటికొస్తున్నప్పుడు ఆమె అడగకముందే భర్త చెప్పాడు.

"ఒక్క అంకె మార్చాను. సరుకు ఇవాళే వెళ్ళాలని ఓనరు పీకల మీద కూర్చున్నాడు. మధ్యలో క్లాంపు పెట్టావని నాకేం తెలుసు?"

"అడిగితే తెలిసేది."

"నిన్ను అడిగి మార్చాలా నేను?"

కొంత దూరం పోయాక ఆమె, "పోనీ చీటీ అయినా అంటించలేదేం?" అంది.

సిగ్నల్ దగ్గర బండి ఆగింది. అతను తల సగం వెనక్కి తిప్పాడు. "ఇంకొకళ్ళ మెషీనైతే అంటించకుండా ఉంటానా? నీ మెషీనే కదా అని…"

అతని గొంతులో జంకు లేదు. దాపరికం కూడా లేదు. ఇందులో అర్థం కానిదేముందన్నట్టు అన్నాడు. ఆ మాట ఆమెకి కొత్తగా ఉండటానికి బదులు బాగా పాతగా అనిపించింది. ఆమె సంచీలో చెయ్యి పెట్టి చిల్లర తీసుకున్నప్పుడు, ఆమె ఫోన్ మోగితే తనే ఎత్తి "ఇప్పుడు ఖాళీ లేదు" అని పెట్టేసినప్పుడు, ఆమె దాచుకున్న సెలవులన్నీ కలిపి "మా ఆవిడ వచ్చి చూసుకుంటుందిలే" అని చెల్లెలి పురిటికి మాటిచ్చేసినప్పుడు, ఆమె ఒక్క గుక్క తాగి పక్కన పెట్టిన టీ తీసుకుని తాగేసినప్పుడు కూడా ఈ గొంతే. ఆఖరికి పొరుగువాళ్ళ గేటు తీయాలన్నా అతను ముందు తలుపు తడతాడు. ఆమె దగ్గర తట్టడానికి తలుపే లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ ఆమె చుట్టూ చేరి ఎంతో ప్రేమగా మాట్లాడారు. అంత ప్రేమ ఆమె పురిటప్పుడు కూడా చూడలేదు.

"ప్రోగ్రాం నీదే, బటన్ నొక్కిందీ నువ్వే. అబద్ధమాడమని ఎవరూ అనడం లేదుగా," అన్నారు మామగారు. పూర్వం ఆయన కోర్టులో గుమాస్తా.

"వచ్చే నెల నన్ను మేనేజర్ని చేస్తానన్నాడు ఓనరు. ఇది నా మీద పడితే ఆ కుర్చీ కాదు, ఉన్న కుర్చీ కూడా ఉండదు," అన్నాడు భర్త. "నిన్నయితే ఏం చేస్తారు? మెషీన్ మాన్పించి ప్యాకింగులో వేస్తారు."

"ప్యాకింగంటే కూర్చుని చేసే పని. నడుముకీ మంచిది," అన్నారు అత్తగారు. ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని నిమిరారు. "పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారమ్మా."

పడేసేవాళ్ళ సంగతి ఆ సామెత ఏమీ చెప్పదని ఆమెకి మొదటిసారి తోచింది. అయినా ఆమె కూడా చాలావరకు ఒప్పుకున్నట్టే ఉంది. తెర మీద ఒక చూపు వేసి ఉంటే ఆ అంకె కనబడేది. వేయలేదు. నొక్కిన వేలు తనదే. రాత్రంతా ఆ వేలు దుప్పటి కింద వేరే ఎవరిదోలా బరువుగా ఉంది.

*

మరకల గొడవ సద్దుమణిగాక కూరలు తెస్తానని బయటికొచ్చి, ఆమె ఆసుపత్రికి వెళ్ళింది.

ఆడవాళ్ళ వార్డులో చివరి మంచం. బ్రష్షక్క తలకి అడ్డంగా కట్టు కట్టి ఉంది. చేతిలో బ్రష్షు లేకుండా ఆవిడని చూడటం అదే మొదలు. ఆ చెయ్యి ఊరికే ఉండలేక దుప్పటి మీద లేని నలకల్ని దులుపుతోంది. మంచం పక్కన ఆవిడ మొగుడు నిలబడి, వచ్చిన మనిషిని చూసి గొంతు పెంచాడు.

"అద్దాలు ఇచ్చింది కళ్ళకి పెట్టుకోవడానికా, నెత్తిన పెట్టుకోవడానికా? పనిలో ఉన్న మనిషికి అంతమాత్రం ఒళ్ళు తెలియదూ? ఇక ఆ కన్ను రాదన్నాడు డాక్టరు. ఏం చేసుకోను ఈవిడతో?"

"నిజమేలే. నాదే," అంది బ్రష్షక్క.

అతను మందుల కోసం కిందికి వెళ్ళాడు. బ్రష్షక్క ఉన్న ఒక్క కంటితో వెతికి, ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వేం బెంగపడకు చెల్లీ. రేపు ఆఫీసువాళ్ళొచ్చి అడిగితే అద్దాలు నేనే పైకి నెట్టుకున్నానని చెప్పేస్తా. నాదే పొరపాటంటా. నీకు ఆడపిల్ల ఉంది, నీ పని పోకూడదు."

ఆ గొంతులో తడబాటు లేదు. త్యాగం చేస్తున్నానన్న గొప్పా లేదు. ఇంట్లో ఎన్నేళ్ళుగానో అని అని నునుపుదేరిన మాట ఎంత సులువుగా వస్తుందో అంత సులువుగా వచ్చింది. పోయిన కన్నుని కూడా ఆ మాట కిందికి నెట్టేసి పడుకుంది ఆ మనిషి. అది ఆమె సొంత మాటే. ఎదురుగా అద్దం పెట్టినట్టు లేదు. అద్దమైతే తల తిప్పుకోవచ్చు.

"నీది కాదక్కా," అంది. తర్వాత అన్నీ చెప్పింది. ఫోన్, చక్కెర డబ్బా, అంకె, చీటీ, చూడకుండా నొక్కిన బటన్.

దులిపే చెయ్యి ఆగిపోయింది.

"మీ ఆయనా?"

"ఆయనే."

"నువ్వు చూడకుండా నొక్కావా?"

"చూడలేదు."

బ్రష్షక్క చెయ్యి వెనక్కి తీసుకుని గోడ వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పావే ఇదంతా? నా తప్పే అనుకుంటే సరిపెట్టుకునేదాన్ని. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోవాలో తెలిసింది. తెలిసి ఏం చేసుకోను? కన్నొస్తుందా?"

"వెళ్ళు," అంది బ్రష్షక్క గోడతో. ఆమె మెట్లు దిగి, కూరలు కొనుక్కుని, ఇంటికి వచ్చింది.

*

సాయంత్రం టీల వేళకి అందరూ ముందుగదిలో కూర్చున్నారు. మామగారు మర్నాటికి ఆమెకి మాటలు దిద్దుతున్నారు.

"'నా అజాగ్రత్త' అనకు. ఆ మాట పట్టుకుంటారు. 'పొరపాటున జరిగిపోయింది సార్' అను. మాటకీ మాటకీ తేడా ఉంటుంది."

"కళ్ళలో కాస్త నీళ్ళు పెట్టుకుంటే ఇంకా మంచిది," అన్నారు అత్తగారు.

"నాటకాలొద్దులే అమ్మా. తనకి అలవాటే. అనేస్తుంది," అన్నాడు భర్త. అని, ఆమె కప్పు వైపు చెయ్యి చాచాడు.

ఆమె కప్పు తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. అతని చెయ్యి గాల్లో ఆగి, ఎందుకొచ్చిందో మరిచిపోయినట్టు వెనక్కి వెళ్ళింది.

"రేపు నేను జరిగింది జరిగినట్టు చెప్తాను," అంది. గొంతు పెంచలేదు. "అంకె మార్చింది మీరని చెప్తాను. చీటీ అంటించలేదని చెప్తాను. తెర చూసుకోకుండా బటన్ నొక్కింది నేనని కూడా చెప్తాను. నా వంతుకి ఏ శిక్ష వేసినా పడతాను. మీ వంతు మీది. ఆవిడ వంతు మాత్రం ఏమీ లేదు. అది కూడా చెప్తాను."

పిల్ల పుస్తకం మూయకుండానే చదవడం ఆపేసింది. వంటింట్లో కుళాయి బొట్లు బొట్లుగా కారుతున్న చప్పుడు మొట్టమొదటిసారి అందరికీ వినిపించింది.

"మతిపోయిందా నీకు?" అన్నారు అత్తగారు. "వాడి నోటి దగ్గర కూడు నువ్వే తీసేస్తావా? కట్టుకున్నదానివేనా?"

"ఆవిడకి చెప్పి వచ్చాను అత్తయ్యా. పొద్దున ఆసుపత్రికే వెళ్ళాను."

భర్త లేచి నిలబడ్డాడు. మొహంలో కోపం కంటే ముందు ఆశ్చర్యం ఉంది. నడుస్తున్న నేల పక్కకి జరిగితే ఎవరికైనా ఉండే ఆశ్చర్యమే.

"ఇంత చేసేదానివి ముందు నాతో ఒక్క మాట అనాలని లేదా? ఇంతమందిలో ఇలా చెప్తావా?"

ఆమె తన టీ చివరి గుక్క దాకా తాగింది. అతని వైపు తలెత్తి చూసింది.

"రేపు అక్కడ తెలిసి అదిరిపడకూడదనే, ముందుగా మీకు చెప్తున్నాను."